బైబిల్ రోజూ చదువుతున్నాను, ఆనందం మాత్రం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, పొరపాటు ఉంటే దిద్దండి. మీకు 29 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలలో సగం రోజులు నైట్ షిఫ్ట్. ఏడాదిలో బైబిల్ పూర్తి చేయాలని వరుసగా మూడో ఏడు జనవరి 1న ఆదికాండం మొదలుపెట్టారు. మూడోసారి కూడా లేవీయకాండం 13 దగ్గరే ఆగిపోయారు. చదివిన రోజు "హమ్మయ్య, అయిపోయింది" అనిపించడం తప్ప ఇంకేమీ లేదు. చదవని రోజు గిల్టీగా ఉంటోంది. "తేనె కంటె తీపి అని కీర్తనలో ఉంది కదా, నాకెందుకు చప్పగా ఉంది? నా విశ్వాసమే ఉత్తదా? ధ్యానించడం అంటే అసలు ఏం చేయాలి? మళ్ళీ ఆదికాండం నుంచి మొదలుపెట్టాలా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీ విశ్వాసం ఉత్తది కాదు. మీరు పెట్టుకుంటున్న ముద్ద మీ నోటికి పెద్దదైంది, అంతే. రోజుకు మూడు అధ్యాయాలు ఇప్పటికి ఆపేయండి. పది పన్నెండు వచనాలు చాలు. పైకి, మీ చెవికి వినపడేలా చదవండి. అందులో ఒక్క మాట పట్టుకుని పడుకునేదాకా వెంట తిప్పుకోండి. వారానికి ఒకసారైనా ఇంకో మనిషితో ఆ మాట గురించి మాట్లాడండి. ఆనందం వచ్చిందా లేదా అని రోజూ మూత తీసి చూసుకోకండి. అన్నం అయినా అలా చూస్తే ఉడకదు.

నా సంగతి రెండు ముక్కల్లో. 31 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మాది పశ్చిమ గోదావరి డెల్టా. మా సంఘంలో 22 ఏళ్ళుగా గురువారం సాయంత్రాలు ఆడవాళ్ళ బైబిల్ స్టడీ నడిపిస్తున్నాను. బైబిల్ కాలేజీ గడప తొక్కలేదు కాబట్టి పెద్ద వేదాంతం నా దగ్గర ఆశించకండి. మీరడిగిన ప్రశ్న మాత్రం నాకు కొత్త కాదు. ఎంతోమంది అడిగారు, ఇద్దరు ముగ్గురు పాస్టరమ్మలు కూడా తలుపు దగ్గరికి వేసి మెల్లగా అడిగారు.

అసలు విషయం నేను నేర్చుకున్నది మా అమ్మ దగ్గర. అమ్మకు చదువు రాదు. నేను ఐదో తరగతికి వచ్చినప్పటి నుంచి పొద్దున్నే పొయ్యి పక్కన కూర్చుని ఆమెకు బైబిల్ చదివి వినిపించడం నా పని. నాకేమో బడికి టైమవుతోందని తొందర. రైలుబండిలా లాగించేసేదాన్ని. అమ్మ మధ్యలో ఆపేది. "ఆ మాట మళ్ళీ చదువు." చదివేదాన్ని. "ఇంకోసారి." మూడోసారికి ఆమెకు అది నోటికి వచ్చేసేది. "ఇంక చాల్లే, మూసెయ్" అనేది. అధ్యాయం సగంలో ఉన్నా సరే. ఆ ఒక్క ముక్కనే నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ పొద్దుగూకేదాకా గొణుక్కునేది. పక్క మడిలో వాళ్ళు "ఏంటే, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావు" అని నవ్వేవాళ్ళు. నాకు చిన్నతనంగా ఉండేది.

ఆ గొణుగుడే ధ్యానమని నాకు నలభై దాటాక తెలిసింది. ధ్యానం అనగానే మనకు కళ్ళు మూసుకుని, కాళ్ళు మడుచుకుని, మనసును ఖాళీ చేసుకుని కూర్చోవడం గుర్తొస్తుంది. మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అన్నచోట హెబ్రీలో ఉన్న మాట 'హాగా'. దానికి అసలు అర్థం గొణుక్కోవడం, లోగొంతుకతో పలుకుతూ ఉండడం. యెహోషువ 1:8లోనూ అదే మాట. సింహం తన వేట మీద గుర్రుమనడానికి యెషయా 31లో అదే మాట వాడారు. హిజ్కియా రాజు జబ్బుపడి లేచాక "గువ్వవలె మూల్గితిని" అంటాడే, యెషయా 38లో, అక్కడా అదే. గువ్వ మూలుగు ఎప్పుడైనా విన్నారా? పెద్ద శబ్దం కాదు, ఆగదు కూడా. మా అమ్మ పొలంలో చేసింది అదే. ధ్యానంలో నోటికి పని ఉంది. మౌనంగా కూర్చుని ఏదో అనుభూతి కోసం కాచుకోవడం కాదది.

ఇప్పుడు మీ లేవీయకాండం సంగతి. రోజుకు మూడు అధ్యాయాల చొప్పున లెక్కేసి చూడండి. ఆదికాండం 50, నిర్గమకాండం 40. జనవరి 25న ఆరాధన గుడారం కొలతలు మొదలవుతాయి. నెలాఖరుకు లేవీయకాండంలో అడుగుపెడతారు. ఫిబ్రవరి 4న 13వ అధ్యాయం, కుష్ఠు పరీక్షలు. అంటే మీలా మొదలుపెట్టిన వాళ్ళందరూ దాదాపు ఒకే వారంలో ఒకే గోడకు గుద్దుకుంటారు. ఇది మీ ఒక్కరి బలహీనత కాదు, ఆ ప్లాన్‌లోనే ఉన్న మలుపు. మొత్తం 1189 అధ్యాయాలను 365తో భాగించి ఇచ్చేవాళ్ళు ఎక్కడ ఎక్కువసేపు నిలబడాలో చెప్పరు.

ఇలాంటి ప్లాన్లలో బాగా పేరున్నది స్కాట్లండ్ పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842 డిసెంబరులో తన సంఘానికి రాసిచ్చింది. ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండుసార్లు పూర్తవుతాయి. తమాషా ఏమిటంటే, ఆయన ప్లాన్ కంటే ముందు దాని ప్రమాదాలు రాశాడు. మొక్కుబడిగా మారిపోవడం, పూర్తి చేశానన్న గర్వం, అజాగ్రత్తగా చదివేయడం, కొందరికి మోయలేని కాడి అయిపోవడం. ప్లాన్ ఇప్పటికీ చేతులు మారుతూ వస్తోంది, ఆ హెచ్చరికల కాగితం మాత్రం దారిలో ఎక్కడో రాలిపోయింది. అది రాసిన కొద్ది నెలలకే ఆయన చనిపోయాడు. అప్పటికి వయసు 29, సరిగ్గా మీ వయసే.

లేవీయకాండం చప్పన అని మీరన్నారు కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. ఒకరోజు 19వ అధ్యాయం వచ్చింది. నేను యథాప్రకారం లాగిస్తున్నాను. "నీ కోతలో పరిగెను ఏరుకొనకూడదు..." పొయ్యిలో కట్టె ఎగదోస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏంటీ? పరిగె అని ఉందా దాంట్లో?"

మీరు సిటీలో పెరిగారేమో, పరిగె అంటే కోతలయ్యాక మడిలో రాలిపోయిన కంకులు. కూలి కూడా దొరకని పేదోళ్ళు వెనకాలే వెళ్ళి ఏరుకుంటారు. అమ్మ చిన్నప్పుడు వాళ్ళమ్మ కొంగు పట్టుకుని పరిగె ఏరింది. కొందరు రైతులు ఏరుకోనిచ్చేవాళ్ళు, కొందరు కర్ర పట్టుకుని తరిమేవాళ్ళు. ఆ పొద్దున నేను మళ్ళీ చదివాను. పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, రాలింది ఏరొద్దు, బీదలకూ పరదేశులకూ వదిలిపెట్టు అని దేవుడు రైతుకు చెబుతున్నాడు. అమ్మ నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆయనకి పరిగె సంగతి కూడా తెలుసా!" అంది. తర్వాత వారం రోజులు మాకు రూతు గ్రంథమే. పొలం యజమాని బోయజు తన పనివాళ్ళతో, పరిగె ఏరుకోవడానికి వచ్చిన రూతు కోసం కావాలని కొన్ని పిడికెళ్ళు పడేయండి, గద్దించకండి అన్నచోట అమ్మ నన్ను ఎన్నిసార్లు చదివించిందో లెక్కలేదు.

మీరు ఆగిపోయిన పుస్తకంలోనే, మీరు ఆగినచోటికి ఆరు అధ్యాయాల అవతల, చదువురాని ఒక ఆడమనిషికి అంత ఆనందం దొరికింది. ఆమెకున్నదీ మీకు లేనిదీ భక్తి కాదు. ఆమెకు ఆ మాట అర్థమైంది, అది తన ఒంటికి తగిలింది, దాని దగ్గర నిలబడే తీరిక ఇచ్చుకుంది.

అర్థం కానిచోట ఆనందం పుట్టదు. నెహెమ్యా 8వ అధ్యాయం ఒకసారి తీయండి. శాస్త్రి అయిన ఎజ్రా పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదువుతాడు. జనం మొదట ఏడుస్తారు. లేవీయులు జనం మధ్య అర్థం చెబుతూ ఉంటారు. "యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు" అన్నది మనం గోడకు తగిలించుకుంటాం, కానీ 12వ వచనం చూడండి. "తమకు తెలియజేయబడిన మాటలన్నిటిని గ్రహించి" తిని, తాగి, లేనివాళ్ళకు పంపించి సంభ్రమంగా ఉన్నారట. గ్రహించారు కాబట్టి పండగ చేసుకున్నారు.

ఇక్కడ మన తెలుగు పాఠకుల ఇబ్బంది ఒకటుంది. ఇప్పుడు నేను రాసిన 'సంభ్రమం' మాటనే తీసుకోండి. ఈ రోజుల్లో ఆ మాట చదివితే ఆశ్చర్యం, కంగారు అనుకుంటారు. అక్కడ దానికి వేడుక, సంబరం అని అర్థం. మన పాత అనువాదం భాష నాకు ప్రాణం, నా చెవిలో వాక్యం అంటే అదే. కానీ ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న పిల్లలకు "చొప్పున", "యెడల", "అపహాసకులు" దగ్గరే కాళ్ళు తడబడతాయి. మొదట వాడుక తెలుగులో వచ్చిన అనువాదంలో చదివి అర్థం చేసుకోండి, తర్వాత అదే భాగాన్ని పాతదాంట్లో పైకి చదవండి. గొణుక్కోవడానికి పాతదే బాగుంటుంది, దానికి నడక ఉంది. ఇంగ్లీషు బైబిల్ తేలిగ్గా ఎక్కుతుందంటే అదీ చదవండి, తప్పేమీ లేదు. మా గ్రూపులో ఇద్దరు కోడళ్ళు అలాగే చేస్తారు, అత్తగార్లు గొణుగుతారు (అది వేరే రకం గొణుగుడు).

ఒక్క మాట దగ్గర ఆగిపోవడం సోమరితనం అనుకునేవాళ్ళు ఉంటారు. మా సంఘ పెద్ద ఒకాయన నాతో అన్నారు కూడా, "మీరు ఆడవాళ్ళకు తక్కువ చదవడం నేర్పుతున్నారు" అని. నేను ఆయనకు సువార్తికులు భక్తసింగ్ గారి సాక్ష్యం గుర్తుచేశాను. హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సంఘం పేరు మీరు వినే ఉంటారు. చదువుకునే రోజుల్లో తనకు ఇచ్చిన బైబిల్‌ను చించేసి, అట్ట బాగుందని అట్ట మాత్రం దాచుకున్న మనిషి ఆయన. 1929 డిసెంబరులో, కెనడాలోని విన్నిపెగ్‌లో, స్నేహితుణ్ణి అడిగి తెచ్చుకున్న కొత్త నిబంధన చదువుతూ యోహాను 3:3 దగ్గరికి వచ్చారు. ఆ వచనం మొదట్లో ఉన్న "నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను" అన్నంత వరకే చదవగలిగారు, అది దాటి ముందుకు పోలేకపోయారు. ఆయన చదివింది ఇంగ్లీషులో, అక్కడ ఆ మాట వాక్యం మొదట్లోనే తగులుతుంది. మన తెలుగులో చివరికి వస్తుంది, మనం అప్పటికే వచనం దాటేస్తాం! తర్వాత రోజుల్లో బైబిల్ మొత్తాన్ని ఎన్నోసార్లు మోకాళ్ళ మీద చదివిన మనిషికి కూడా మొదలు అలా ఆగిపోవడంతోనే జరిగింది.

"చదివే ముందు ప్రార్థన చేస్తాను, అక్కడే మనసు పరుగులు పెడుతుంది" అని కూడా రాశారు. దానికి నా జవాబు, వరస మార్చండి. ముందు వాక్యం, తర్వాత ప్రార్థన. ఇది నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్ బ్రిస్టల్‌లో అనాథ పిల్లల్ని పెంచిన జార్జి ముల్లర్ 1841లో రాసుకున్నాడు. చాలా ఏళ్ళు ఆయన లేవగానే ప్రార్థనకు కూర్చునేవాడట. పావుగంట, అరగంట, ఒక్కోసారి గంట మోకాళ్ళ మీద ఉన్నా మనసు తిరుగుళ్ళు తిరిగేదట. తర్వాత ముందు కొంచెం వాక్యం చదివి, ఒక్కో వచనం తన కోసం ఆలోచించుకోవడం మొదలుపెట్టాడు. ప్రార్థన దానంతటదే అందులోంచి వచ్చేది. రోజులో తన మొదటి పని తన ప్రాణం ప్రభువులో సంతోషంగా ఉండేలా చూసుకోవడమే అన్నది ఆయన తేల్చుకున్న సంగతి. ఇక్కడ మా ఊళ్ళ సంబంధం కూడా ఒకటుంది. 1836లో విలియం బౌడన్, జార్జి బీర్ కుటుంబాలను మన తీరానికి తీసుకొచ్చిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ముల్లర్‌కు స్వయానా బావమరిది. ఆ రెండు కుటుంబాలే నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సేవ చేశాయి. మా అమ్మమ్మల కాలపు సంఘాలు ఆ నీళ్ళతో పెరిగినవే.

సరే, చేసేదెలా? ఒక ఉదాహరణ తీసుకుందాం. 131వ కీర్తన. మూడే వచనాలు, ఒకసారి చదవడానికి నిమిషం పట్టదు.

మూడుసార్లు పైకి చదవండి. మొదటిసారి ఊరికే. రెండోసారి ఎక్కడ నాలుక ఆగితే అక్కడ ఆగండి. నాకు ఆగింది రెండో వచనం దగ్గర: "నేను నా ప్రాణమును నిమ్మళపరచుకొని యున్నాను, సముదాయించుకొని యున్నాను, చనుపాలు విడిచిన పిల్ల తన తల్లియొద్దనున్నట్లు." సముదాయించడం. ఏడ్చే పిల్లను భుజాన వేసుకుని ఇంట్లో ఆ మూల నుంచి ఈ మూలకు తిరుగుతూ "ఊరుకో అమ్మా ఊరుకో" అంటామే, అదీ ఆ మాట. ఇక్కడ దావీదు తల్లీ తానే, పిల్లా తానే. తన ప్రాణాన్ని తానే భుజాన వేసుకున్నాడు.

తర్వాత ప్రశ్న వేసుకోండి: చనుపాలు తాగే పిల్ల అనకుండా "చనుపాలు విడిచిన పిల్ల" అని ఎందుకన్నాడు? నేను ఎన్నో ఏళ్ళు ప్రసూతి వార్డులో పనిచేశాను, దీనికి జవాబు నాకు పుస్తకాల్లో వెతకాల్సిన పని లేకపోయింది. పాలు తాగే పిల్లను తల్లి ఒళ్ళో పెడితే ఊరుకోదు. మొహం తిప్పుతుంది, వెతుకుతుంది, దొరకకపోతే గుక్కపెడుతుంది. ఆ పిల్లకు తల్లి అంటే పాలు. పాలు మానిన పిల్ల వేరు. వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది, గాజులతో ఆడుకుంటుంది, ఏమీ అడగదు. తల్లి ఉంది, చాలు.

ఈ కీర్తన దగ్గర నేను ఎన్ని రాత్రులు కూర్చున్నానో. డ్యూటీలో తెల్లవారుజామున మూడింటికి వార్డు సద్దుమణిగాక, నర్సుల టేబుల్ దగ్గర, చిన్న లైటు కింద. అప్పట్లో నేను కూడా మీలాగే చదివిన ప్రతిసారీ ఒక తీపి కోసం వెతికేదాన్ని. దొరక్కపోతే ఇవాళ దేవుడు మాట్లాడలేదనుకుని ముడుచుకుపోయేదాన్ని. పాలకోసం గుక్కపెట్టే పిల్లను నేనే అని ఒక రాత్రి తట్టింది. అప్పటినుంచి చదివినప్పుడు ఏమీ అనిపించకపోతే కంగారు పడడం మానేశాను. ఆ తర్వాతే ఆనందం ఎక్కువసార్లు వచ్చింది, అదీ చెప్పాపెట్టకుండా. బట్టలు ఆరేస్తున్నప్పుడో, బస్సులోనో, పొద్దున గొణుక్కున్న ముక్క ఉన్నట్టుండి తాళంచెవిలా తిరిగేది.

ఇంతే పద్ధతి. చదవడం, ఒక మాట దగ్గర ఆగడం, ఆ మాటను ఒక ప్రశ్న అడగడం, దాన్నే ప్రార్థనగా దేవుడికి తిరిగి చెప్పడం, జేబులో వేసుకుని పనిలోకి పోవడం. నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాసుకుంటే మంచిది. పేజీలు నింపక్కర్లేదు, రంగు పెన్నులూ అక్కర్లేదు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి.

వాగ్దాన కార్డుతో సరిపెట్టుకోవద్దు. కొత్త సంవత్సరం ఆరాధనలో తీసే వాగ్దానం, పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే పువ్వుల బొమ్మ మీది వచనం నాకూ ఇష్టమే. కానీ అది పక్కింటివాళ్ళు పంపిన గిన్నెలో కూర లాంటిది, మన పొయ్యి వెలిగించినట్టు కాదు. యిర్మీయా 29:11 ఎన్ని ఇళ్ళలో వేలాడుతోందో చూడండి, సమాధానకరమైన ఉద్దేశాలు అన్నది. దాని పై వచనంలో డెబ్బై సంవత్సరాలు గడిచిన తర్వాతే అని ఉంది. ఇంకా పైన, 5వ వచనంలో, చెరగా వెళ్ళిన బబులోనులోనే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ఉంది. ఉద్యోగం పోయి, అప్పుల్లో ఉన్న ఒక చెల్లి మా గ్రూపులో ఆ అధ్యాయం మొత్తం మొదటిసారి చదివి "అక్కా, కార్డు మీద ఉన్నదానికంటే ఇది బాగుంది. త్వరగా అయిపోతుందని చెప్పట్లేదు, ఈలోపు బతకమంటున్నాడు" అంది. ఆ ముక్క నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. ఇంకో మనిషితో చదవమనేది అందుకే.

చప్పగా ఉండడం అన్నిసార్లూ ఆత్మీయ సమస్య కాదు. ఇది నర్సుగా చెబుతున్నాను. వాక్యం ఒక్కటే కాదు, తిండి, పాటలు, పిల్లల ముద్దుముచ్చట్లు, ఏదీ రుచించకుండా రెండు వారాలు దాటితే డాక్టర్‌కు చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ ఉన్నవాళ్ళను "ప్రార్థన తక్కువైంది" అని ఇంకా కుంగదీయడం నేను కళ్ళారా చూశాను, ఇప్పటికీ కోపం వస్తుంది. నైట్ షిఫ్టుల్లో నిద్ర పాడైనవాళ్ళకు ఇది మరీ ఎక్కువ. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. అలాంటి రోజుల్లో 88వ కీర్తన తీయండి. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడితో అయిపోతుంది. చివర్లో స్తుతి లేదు. అదీ బైబిల్లో ఉంది, ఎవరూ చెరిపేయలేదు.

మిగతావి గబగబా. తెల్లవారుజామున నాలుగింటికే లేవాలన్న రూలు లేదు, షిఫ్ట్ దిగి వచ్చి మొహం కడుక్కుని చదివినా పగలే. స్నానం చేయకుండా బైబిల్ ముట్టుకోవచ్చా, నెలసరిలో చదవచ్చా అని కొత్తగా నమ్ముకున్నవాళ్ళు అడుగుతుంటారు. హాయిగా చదవండి. ఫోన్‌లో చదివితే రెండో వచనానికే ఎవరో ఒకరు ఫార్వర్డ్ పంపుతారు, కాబట్టి కాగితం బైబిల్ కొనుక్కోండి. బైబిల్ మొత్తం చదవడం అనవసరం అని నేననడం లేదు, సుమా. మొత్తం తెలియకపోతే ముక్కలు అర్థం కావు. దానికి ఆడియో వాడండి. క్యాబ్‌లో ఇరవై నిమిషాలు అధ్యాయాలకు అధ్యాయాలు విని వదిలేయండి, ఏమీ పట్టుకోవాలని చూడొద్దు. అది చెరువు చూసి రావడం. పొద్దున పది వచనాలు బిందె నింపుకోవడం. మీరు ఇన్నాళ్ళూ చెరువును బిందెలో పట్టాలని చూశారు.

ఏది చదవాలి అంటే, ముందు వారం రోజులు 131వ కీర్తన ఒక్కటే. తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 104 వచనాలే, పది రోజుల పని. జైల్లో ఉన్న పౌలు సంతోషం గురించి రాసింది. ఆ తర్వాత మార్కు సువార్త, తీరిగ్గా రెండు నెలలు.

మళ్ళీ ఆదికాండం నుంచి మొదలుపెట్టాలా అని కదా చివరి ప్రశ్న. వద్దు. మీ బైబిల్లో రిబ్బన్ లేవీయకాండం 13 దగ్గరే ఉండనివ్వండి. మార్కు మొదలుపెట్టిన నాలుగైదు రోజుల్లో మీకు 1:40 తగులుతుంది. ఒక కుష్ఠరోగి వచ్చి మోకాళ్ళూనుతాడు. ఆ రోజు ముందుకు పోకండి. రిబ్బన్ ఉన్నచోటికి వెళ్ళి ఆ 13వ అధ్యాయం చదవండి. నర్సుగా నాకైతే అది ఐసొలేషన్ వార్డు రిజిస్టర్‌లా ఉంటుంది. యాజకుడు మచ్చ చూస్తాడు, ఏడు రోజులు విడిగా ఉంచుతాడు, మళ్ళీ చూస్తాడు, అనుమానం తీరకపోతే ఇంకో ఏడు రోజులు. (మనం ఇప్పుడు కుష్ఠు అనే జబ్బు ఒక్కటే కాదది, బట్టల మీదా గోడల మీదా వచ్చేదాన్ని కూడా అదే మాటతో పిలిచారు.) 45, 46 వచనాలు నెమ్మదిగా, పైకి చదవండి. బట్టలు చింపుకుని, పై పెదవి కప్పుకుని, "అపవిత్రుడను, అపవిత్రుడను" అని అరుస్తూ పాళెం బయట ఒంటరిగా ఉండాలి. అలాంటివాణ్ణి ఎవరైనా ముట్టుకుని ఎన్నాళ్ళయి ఉంటుందో ఆలోచించండి. అప్పుడు మళ్ళీ మార్కు 1:41కి రండి. "ఆయన కనికరపడి, చెయ్యిచాపి వానిని ముట్టి" అని ఉంటుంది. ఆ రోజుకు "ముట్టి" ఒక్క మాట చాలు, దాన్నే పట్టుకుని ఆఫీసుకు వెళ్ళండి.